ఓరియన్ నెబ్యులాను ఫోటో తీయడం ఎలా: మామూలు డీఎస్ఎల్ఆర్, చిన్న ట్రాకర్‌తో

ఓరియన్ నెబ్యులాను, అంటే ఎం42 అనే వాయువు, దుమ్ము మబ్బును, మొదటిసారి ఫోటో తీసినవాళ్ళలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఒకటే. చుట్టూ గులాబీ రంగు బాగానే వస్తుంది, నడిమధ్య మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లటి మచ్చ మిగులుతుంది. ఈ మబ్బునంతటినీ వెలిగిస్తున్న కుర్ర నక్షత్రాలు ఆ మచ్చలోనే ఉన్నాయి. మిగతా నెబ్యులాలతో వెలుగు చాలక అవస్థపడతాం, దీనితో వెలుగు ఎక్కువై పడతాం. అందుకే కింద చెప్పే పద్ధతిలో ఒకే రాత్రి మూడు రకాల ఎక్స్‌పోజర్లు, అంటే వేర్వేరు సేపు వెలుగు పట్టిన ఫోటోలు, తీసి, తర్వాత కంప్యూటర్‌లో కలుపుతాం.

కొత్తవాళ్ళు దీనితోనే మొదలుపెట్టడం మంచిది. సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా చీకటి ఊళ్ళో మామూలు కంటికే మసకగా కనిపిస్తుంది. ఆకాశంలో దాని వెడల్పు ఒక డిగ్రీకి పైనే, అంటే రెండు నిండు చందమామలంత. హైదరాబాద్ నుంచి చూస్తే దక్షిణాన 67 డిగ్రీల ఎత్తుకు వస్తుంది కాబట్టి దిగంతం దగ్గరి దుమ్ము, పొగ దీనికి అంతగా అడ్డురావు. 1880 సెప్టెంబర్ 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ 11 అంగుళాల టెలిస్కోప్‌తో 51 నిమిషాల ఎక్స్‌పోజర్ ఇచ్చి దీన్ని ఫోటో తీశాడు. నెబ్యులాలకు తీసిన ఫోటోల్లో మొదటిది అదే. ఇవాళ పాత క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) కెమెరా ఒక్క నిమిషంలో అంతకంటే ఎక్కువ చూపిస్తుంది.

ఏమేం కావాలి

కెమెరా: మాన్యువల్ మోడ్, రా ఫైళ్ళు (కెమెరా మార్చని అసలు డేటా) ఉన్న ఏ డీఎస్ఎల్ఆర్ అయినా, మిర్రర్‌లెస్ అయినా చాలు. సెకండ్ హ్యాండ్‌లో దొరికే కెనాన్ 600డీ, 700డీ తరగతివి సరిపోతాయి.

లెన్స్: 135 నుంచి 200 ఎంఎం మధ్య ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) దొరికితే అదృష్టం. లేదంటే కిట్‌తో వచ్చే 55-250 జూమ్‌ను 200 దగ్గర పెట్టి, ఎపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/5.6లో వాడండి. ప్రైమ్‌ను మాత్రం పూర్తిగా తెరవకండి, ఎఫ్/4 దగ్గర మూలల్లోని నక్షత్రాలు కుదురుగా వస్తాయి. 72 ఎంఎం ఈడీ రిఫ్రాక్టర్ లాంటి చిన్న టెలిస్కోప్ ఉంటే ఇంకా వివరం వస్తుంది కానీ, దానికి ఫీల్డ్ ఫ్లాటెనర్ (అంచుల్లోని నక్షత్రాలను సరిచేసే అద్దం) తప్పనిసరి. పైగా 400 ఎంఎం దాటాక ట్రాకింగ్‌లో ప్రతి చిన్న తప్పూ కనిపిస్తుంది. మొదటి సీజన్ లెన్స్‌తో గడపడమే నయం.

ట్రాకర్: భూమి తిరిగే వేగానికి సరిగ్గా ఎదురు తిరుగుతూ కెమెరాను ఆకాశంతో పాటు నడిపించే చిన్న మోటార్ పెట్టె. స్కైవాచర్ స్టార్ అడ్వెంచరర్ 2ఐ, ఐఆప్ట్రాన్ స్కైగైడర్ ప్రో ఈ కోవలోవి. 5 కిలోల వరకు మోస్తాయని కంపెనీలు చెప్పినా అందులో సగం బరువుకే పరిమితమైతే నిశ్చింతగా ఉంటుంది.

ఇవి కాక గట్టి ట్రైపాడ్, ఇంటర్వెలోమీటర్ (వరుసగా ఫోటోలు తీయించే రిమోట్), ఫోకస్ కోసం బాటినోవ్ మాస్క్, లెన్స్‌కు చుట్టే యూఎస్‌బీ హీటర్ పట్టీ, పవర్ బ్యాంక్, ఎర్ర లైటు. కెమెరా బ్యాటరీలు రెండైనా ఉండాలి, చలిలో అవి తొందరగా అయిపోతాయి.

ఫిల్టర్ ఈ జాబితాలో లేదు, మరిచిపోయి కాదు. పాతకాలపు సోడియం దీపాల వెలుగును ఫిల్టర్లు బాగానే ఆపేవి. ఇప్పుడున్న తెల్లటి ఎల్‌ఈడీ వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది, దాన్ని మామూలు లైట్ పొల్యూషన్ ఫిల్టర్ పెద్దగా ఆపలేదు. డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ (రెండు సన్నటి రంగు పట్టీలనే రానిచ్చేది) ఆపుతుంది కానీ, దుమ్ము మీద పడి చెదిరిన నీలి వెలుగును కూడా వెంట తీసుకుపోతుంది. ఆ డబ్బు పెట్రోలుకు పెట్టి ఊరి బయటికి వెళ్ళండి.

ట్రాకర్ లేకపోతే? తీయొచ్చు. 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (ఎంఎం అంకెతో) భాగిస్తే వచ్చే సెకన్లు ఇవ్వొచ్చనే పాత సూత్రాన్ని మాత్రం నమ్మకండి, అది ఫిల్మ్ కాలం నాటిది. ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకండ్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకండు) కదులుతుంది. 200 ఎంఎం లెన్స్‌తో, 4.3 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న 600డీలో ఒక పిక్సెల్‌కు పట్టేది 4.4 ఆర్క్‌సెకండ్లే. అంటే ఒక్క సెకనులోనే నక్షత్రం మూడు పిక్సెళ్ళకు పైగా జారుతుంది. కాబట్టి ట్రాకర్ లేకుండా 50 నుంచి 85 ఎంఎం లెన్స్‌తో, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 3200 దగ్గర, రెండు సెకన్లకు మించకుండా మూడు, నాలుగు వందల ఫ్రేములు (ఫోటోలు) తీసి కలపండి. నెబ్యులా చిన్నగానే ఉంటుంది కానీ రంగు వస్తుంది.

ఎప్పుడు, ఎక్కడ

డిసెంబర్ మధ్యలో ఓరియన్ నక్షత్రమండలం అర్ధరాత్రికి నడినెత్తికి దక్షిణంగా వస్తుంది. నెలకు రెండు గంటల చొప్పున ముందుకు జరుగుతూ జనవరి మధ్యకు రాత్రి పదికి, ఫిబ్రవరి మధ్యకు ఎనిమిదికి అక్కడ ఉంటుంది. మన రాష్ట్రాల్లో ఆకాశం తేటగా ఉండే నెలలూ అవే కావడం కలిసొచ్చే విషయం. పంచాంగం చూసుకుని అమావాస్యకు అటూ ఇటూ నాలుగైదు రోజులు ఎంచుకోండి. అమావాస్య కుదరకపోతే కృష్ణపక్షం చివరి వారం కూడా పనికొస్తుంది, చంద్రుడు లేచేలోపు మీ పని అయిపోతుంది. సంక్రాంతి సెలవులు కదా అని ఊరెళ్ళి తీద్దామనుకుంటే భోగి మంటల పొగ ఒక్కోసారి చాలాసేపు గాలిలో నిలిచి ఉంటుందని గుర్తుంచుకోండి.

చోటు వెతికేటప్పుడు పెద్ద ఊరు మీకు ఉత్తరాన ఉండేలా చూసుకోండి. హైదరాబాద్ వాళ్ళు దక్షిణంగా వెళ్ళాలి. ఓరియన్ తూర్పున లేచి దక్షిణం మీదుగా పడమరకు పోతుంది కాబట్టి ఊరి వెలుగు కెమెరా వీపు వైపే ఉంటుంది. ఆ వెలుగులో పడేది ధ్రువనక్షత్రం ఒక్కటే, అది రెండో తరగతి ప్రకాశం ఉన్నది కనుక ఎలాగూ కనిపిస్తుంది. నల్లమలలో ఆకాశం ఎంత చీకటిగా ఉన్నా పులుల అభయారణ్యం దారుల్లో రాత్రిపూట రాకపోకలకు నిషేధం ఉంది, అటు వెళ్ళకండి. తెలిసినవాళ్ళ పొలం అన్నిటికంటే మేలు. ఇసుక నేల, దున్నిన నేల కాకుండా గట్టి కళ్ళం లాంటి చోటు చూసుకోండి, మెత్తటి నేలలో ట్రైపాడ్ కాలు గంటకు కొంచెం చొప్పున దిగబడుతుంది.

ధ్రువనక్షత్రానికి గురి

సగం మంది ఇక్కడే విసుగెత్తి వదిలేస్తారు. ట్రాకర్ తిరిగే ఇరుసు ఖగోళ ఉత్తర ధ్రువం వైపు ఉండాలి. ధ్రువం ఎత్తు మీ ఊరి అక్షాంశమే: హైదరాబాద్‌లో 17.4 డిగ్రీలు, విజయవాడలో 16.5, తిరుపతిలో 13.6. యూరప్, అమెరికా వాళ్ళ వీడియోల్లో ధ్రువనక్షత్రం ఎంతో ఎత్తున ఉంటుంది. మనకది చెట్ల కొమ్మల మధ్య, కొండల వెనక, మంచు పొరలో ఉంటుంది. అందుకే పగలే వెళ్ళి ఉత్తర దిక్కు 20 డిగ్రీల ఎత్తు వరకు ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు, రెండు పిడికిళ్ళు కొలిస్తే తెలిసిపోతుంది.

ట్రైపాడ్ ఒక కాలు ఉత్తరం వైపు పెట్టండి. మన అక్షాంశంలో ఇరుసు దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది, బరువు ఉత్తరానికి తూగుతుంది. ఆ కింద కాలు లేకపోతే అర్ధరాత్రి గాలికి కెమెరాతో సహా పడిపోవచ్చు. మధ్య కాలమ్ పైకి లేపవద్దు. ట్రైపాడ్‌ను బబుల్ లెవల్‌తో సమం చేసి, వెడ్జ్ (ట్రాకర్ కింద వంపు సరిచేసే భాగం) మీద అక్షాంశం అంకె పెట్టి, ఫోన్ దిక్సూచితో ఉత్తరానికి తిప్పండి. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన దగ్గర తేడా చాలా తక్కువ కాబట్టి ధ్రువనక్షత్రం పోలార్ స్కోప్ (ట్రాకర్ ఇరుసులోని చిన్న దూరదర్శిని) దరిదాపుల్లోకి వచ్చేస్తుంది. దిక్సూచి చూసేటప్పుడు కారుకు, బోరు మోటారుకు దూరంగా నిలబడండి.

ధ్రువనక్షత్రం సరిగ్గా ధ్రువం మీద లేదు, ముప్పావు డిగ్రీ లోపు పక్కకు ఉంది. ఫోన్‌లో పోలార్ స్కోప్ యాప్ తెరిస్తే ఆ క్షణంలో అది గడియారం ముఖం మీద ఏ అంకె దగ్గర ఉండాలో చూపిస్తుంది. వెడ్జ్ మరలు తిప్పి అక్కడికి తీసుకురండి. తర్వాత లెన్స్, కెమెరా బిగించి, ఓరియన్ వైపు తిప్పి, మళ్ళీ ఒకసారి పోలార్ స్కోప్‌లో చూడండి. బరువు పడ్డాక వెడ్జ్ ఎంతో కొంత వంగుతుంది. ఈ రెండో చూపు మానేసినవాళ్ళకే 60 సెకన్ల ఫ్రేములు పాడవుతాయి. ఉత్తరం పూర్తిగా మూసుకుపోయిన చోట లాప్‌టాప్‌లో నీనా సాఫ్ట్‌వేర్‌లోని త్రీ పాయింట్ పోలార్ అలైన్‌మెంట్ వాడొచ్చు, దానికి ధ్రువనక్షత్రం కనిపించాల్సిన పనిలేదు.

ట్రాకర్ మీద ఉత్తర, దక్షిణ అర్ధగోళాల మీట ఉంటుంది. అది ‘ఎన్’ మీద ఉందో లేదో చూడండి. ‘ఎస్’ మీద ఉంటే మోటారు ఎదురు తిరిగి, నక్షత్రాలు ట్రాకర్ లేనప్పటికంటే రెట్టింపు గీతలు గీస్తాయి.

ఫోకస్, ఫ్రేమ్

లెన్స్ మీద అనంతం గుర్తును నమ్మవద్దు. ఆటోఫోకస్, స్టెబిలైజర్ రెండూ ఆపేయండి. లైవ్ వ్యూలో రైజెల్, సిరియస్ లాంటి ప్రకాశమైన నక్షత్రాన్ని పదింతలు పెద్దది చేసి, బాటినోవ్ మాస్క్ పెట్టండి. నక్షత్రం నుంచి మూడు గీతలు వస్తాయి. మధ్య గీత మిగతా రెండింటికీ సరిగ్గా నడుమకు వచ్చేదాకా ఫోకస్ రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. వచ్చాక రింగును టేపుతో అంటించేయండి. మాస్క్ తీయడం మరిచిపోవద్దు, గంటసేపు మాస్క్‌తోనే తీసినవాళ్ళు బోలెడంతమంది. రాత్రి చల్లబడే కొద్దీ ఫోకస్ జారుతుంది, గంటకోసారి చూసుకోవాలి.

ఇక ఫ్రేమ్. ఓరియన్‌లో వరుసగా ఉన్న మూడు నక్షత్రాల కింద, దక్షిణం వైపు వేలాడే చిన్న చుక్కల వరుసలో నడిమిది నక్షత్రంలా కాక మసకగా ఉంటుంది, అదే ఎం42. క్రాప్ సెన్సర్ మీద 200 ఎంఎం లెన్స్‌కు 6.4 డిగ్రీల పొడవు, 4.3 డిగ్రీల వెడల్పు పడతాయి. పొడుగు వైపును ఉత్తర దక్షిణాలుగా పెడితే ఎం42తో పాటు దాని పైనున్న నీలి రంగు నెబ్యులా ఎన్‌జీసీ 1977, ఆల్నిటాక్ నక్షత్రం, దాని పక్కనున్న ఫ్లేమ్, గుర్రపు తల నెబ్యులాలు కూడా ఒకే ఫ్రేములో ఇముడుతాయి. గుర్రపు తల మాత్రం మార్పులు చేయని కెమెరాలో లీలగానే వస్తుంది. హైడ్రోజన్ ఇచ్చే 656.3 నానోమీటర్ల ఎరుపును కెమెరా లోపలి ఫిల్టర్ చాలావరకు ఆపేస్తుంది. ఎం42 ప్రకాశం ఎక్కువ కాబట్టి ఆ నష్టాన్ని తట్టుకుంటుంది.

ఎక్స్‌పోజర్లు

రా ఫార్మాట్, ఐఎస్ఓ 800, ఎఫ్/4 (జూమ్‌కు ఎఫ్/5.6), వైట్ బ్యాలెన్స్ డేలైట్. మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి, లేకపోతే ప్రతి ఫ్రేము తర్వాత కెమెరా అంతే సేపు ఖాళీగా కూర్చుని సగం రాత్రి తినేస్తుంది. తీయవలసినవి:

60 సెకన్లవి 90. రెక్కలు, చుట్టూ ఉన్న దుమ్ము వీటి నుంచి వస్తాయి.
10 సెకన్లవి 30. నడిభాగం చుట్టూ ఉన్న మెరుపు కోసం.
2 సెకన్లవి 30. నట్టనడుమ, ట్రపీజియం అనే నాలుగు నక్షత్రాల గుంపు కోసం.

చిన్నవాటిని ముందే తీయండి. ఆరేడు నిమిషాల పని అది. చివరికి వదిలేస్తే మబ్బు పట్టొచ్చు, బ్యాటరీ అయిపోవచ్చు, ఓపిక నశించొచ్చు. అవి లేకపోతే తెల్ల మచ్చను ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు, ఆ పిక్సెళ్ళలో సమాచారమే ఉండదు.

మొదటి 60 సెకన్ల ఫ్రేము రాగానే హిస్టోగ్రామ్ (వెలుగు పంపకం చూపే గ్రాఫ్) చూడండి. గుట్ట ఎడమ అంచు నుంచి విడివడి, నాలుగో వంతు, మూడో వంతు మధ్య ఉండాలి. అంచుకు అతుక్కుంటే ఎక్స్‌పోజర్ చాలలేదు. సగం దాటితే ఆకాశం వెలుగు ఎక్కువగా ఉంది, 30 సెకన్లకు తగ్గించి ఫ్రేముల సంఖ్య రెట్టింపు చేయండి. నగరం డాబా మీద 15 సెకన్లే ఇవ్వాల్సి రావచ్చు. మొత్తం సమయం విషయంలో లెక్క కఠినంగా ఉంటుంది: నాణ్యత రెండింతలు కావాలంటే నాలుగింతల సమయం ఇవ్వాలి.

ప్రతి పది ఫ్రేములకు ఒకసారి ట్రాకర్ బటన్ తట్టి కెమెరాను కాసిని పిక్సెళ్ళు అటో ఇటో జరపండి. దీన్ని డిథరింగ్ అంటారు. ఇది చేయకపోతే ఫ్రేములు రాత్రంతా ఒకే దిక్కుకు నెమ్మదిగా జారి, సెన్సర్ మీది మచ్చలు ఏటవాలు చారలుగా సాగుతాయి. అవి ప్రాసెసింగ్‌లో పోవు.

రాత్రి పది దాటాక మంచు మొదలవుతుంది, కోస్తాలో ఇంకా ముందే. హీటర్ పట్టీని లెన్స్ ముందు అంచుకు దగ్గరగా, ఫోకస్ రింగుకు తగలకుండా చుట్టి, మంచు పట్టకముందే తక్కువ వేడిలో మొదలుపెట్టండి. మంచు పట్టిన అద్దాన్ని గుడ్డతో తుడిస్తే మరకలు పడతాయి, ఫోకస్ కూడా కదులుతుంది. ఫ్రేములు క్రమంగా మసకబారి నక్షత్రాల చుట్టూ వలయాలు కనిపిస్తే మంచు పట్టిందనే అర్థం.

అన్నీ అయ్యాక కెమెరా ఊడదీయకముందే కాలిబ్రేషన్ ఫ్రేములు, అంటే కెమెరా, లెన్స్ లోపాలను తర్వాత తొలగించడానికి వాడేవి. లెన్స్ మూత పెట్టి 60 సెకన్లవి 20 డార్క్స్. ఇవి ఆ చలిలోనే తీయాలి, ఇంటికొచ్చి వెచ్చటి గదిలో తీస్తే పనికిరావు. లెన్స్ ముందు ఉతికిన తెల్ల పంచె ముడతల్లేకుండా రెండు మడతలు కట్టి, ట్యాబ్లెట్‌లో తెల్ల తెర పెట్టి 30 ఫ్లాట్స్. హిస్టోగ్రామ్ గుట్ట నడిమధ్యకు రావాలి, షట్టర్ సెకనులో పదో వంతు కంటే నెమ్మదిగా ఉండాలి, లేకపోతే తెర మినుకు చారలుగా పడుతుంది. ఫ్లాట్స్ తీసేదాకా ఫోకస్, ఎపర్చర్ ముట్టుకోవద్దు. చివరగా మూత పెట్టి, అన్నిటికంటే వేగమైన షట్టర్‌తో 50 బయాస్. వీటన్నిటికీ ఐఎస్ఓ అదే 800.

కంప్యూటర్ ముందు

సిరిల్ అనే ఫోటో ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, విండోస్, లినక్స్, మ్యాక్ అన్నిటిలో నడుస్తుంది. లైట్స్, డార్క్స్, ఫ్లాట్స్, బయాసెస్ అని నాలుగు ఫోల్డర్లు చేసి, కలర్ కెమెరా ప్రీప్రాసెసింగ్ స్క్రిప్టు నడిపితే స్టాకింగ్ (ఫ్రేములన్నీ కలిపి ఒకటి చేయడం) దానంతటదే జరుగుతుంది. ఫోల్డర్ల పేర్లు స్క్రిప్టులో ఉన్నట్టే ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో ఉండాలి. మూడు రకాల ఎక్స్‌పోజర్లను విడివిడిగా స్టాక్ చేయండి. చిన్నవాటికి డార్క్స్ లేకుండా నడిచే స్క్రిప్టు చాలు. తర్వాత మూడు ఫలితాలను ఒక సీక్వెన్స్‌గా పెట్టి నక్షత్రాల ఆధారంగా ఒకదానిమీద ఒకటి కూర్చోబెట్టండి.

అంచులు కత్తిరించాక బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్, అంటే ఆకాశంలోని ఊరి వెలుగును తీసేయడం. ఇక్కడ తొందర వద్దు. ఈ ప్రాంతమంతా పలచటి దుమ్ము నిండి ఉంటుంది. ఎక్కువ డిగ్రీ పాలినామియల్ ఇస్తే సాఫ్ట్‌వేర్ ఆ దుమ్మునే ఊరి వెలుగు అనుకుని తుడిచేస్తుంది, నెబ్యులా చుట్టూ నల్లటి గొయ్యి మిగులుతుంది. డిగ్రీ 1తో మొదలుపెట్టి, నెబ్యులా మీద పడిన శాంపిల్ చుక్కలన్నీ తీసేయండి. తర్వాత ఫోటోమెట్రిక్ కలర్ కాలిబ్రేషన్ (నక్షత్రాల అసలు రంగుల ఆధారంగా రంగు సరిచేయడం).

ఆ తర్వాత పచ్చ నాయిస్ తీసే బటన్ అందరూ అలవాటుగా నొక్కేస్తారు. ఎం42 విషయంలో ఆగి ఆలోచించండి. నడిభాగంలో కొంచెం ఆకుపచ్చ నిజంగానే ఉంది: రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్ 500.7 నానోమీటర్ల దగ్గర ఇచ్చే వెలుగు అది. పెద్ద టెలిస్కోప్‌లో కంటితో చూసినా నడుమ ఆ ఛాయే కనిపిస్తుంది. బటన్ నొక్కాల్సి వస్తే తక్కువ మోతాదులో నొక్కండి. గులాబీ రంగు హైడ్రోజన్‌ది, థీటా1 ఓరియనిస్ సీ అనే నక్షత్రం నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు దాన్ని వెలిగిస్తున్నాయి. పైనున్న నీలం దుమ్ము మీద చెదిరిన నక్షత్ర కాంతి. ఎరుపు సాచురేషన్ లాగేకొద్దీ ఈ మూడూ కలిసిపోయి ఒకే ముద్ద అవుతాయి.

మూడు స్టాక్‌లనూ విడిగా స్ట్రెచ్ చేసి (మసక భాగాలు కనిపించేలా వెలిగించి) 16 బిట్ టిఫ్‌గా జింప్ అనే ఫోటో ఎడిటర్‌లోకి తీసుకెళ్ళండి. అన్నిటికంటే కింద 2 సెకన్ల లేయర్, దాని మీద 10, పైన 60. పై రెండు లేయర్లకూ ఆ లేయర్ గ్రేస్కేల్ కాపీనే మాస్క్‌గా పెట్టి తిరగేయండి. వెలుగు ఎక్కువున్న చోట మాస్క్ నల్లబడి కింది లేయర్ కనిపిస్తుంది. లెవల్స్‌తో ఆ నలుపును నడిభాగానికే పరిమితం చేసి, 30 నుంచి 50 పిక్సెళ్ళ గాసియన్ బ్లర్ ఇస్తే అతుకు తెలియదు. అతుకు దగ్గర బూడిద రంగు వలయం వస్తే బ్లర్ చాలలేదని అర్థం. నడిభాగాన్ని మరీ అణచవద్దు. కలిపాక కూడా ఫోటోలో అన్నిటికంటే వెలుగైన చోటు అదే కావాలి, లేకపోతే బొమ్మ చప్పగా, అబద్ధంగా కనిపిస్తుంది. ట్రపీజియంలో నాలుగు నక్షత్రాలూ విడివిడిగా రావాలని 200 ఎంఎం లెన్స్‌తో ఆశించకండి. వాటి మధ్య దూరాలు సుమారు 9 నుంచి 22 ఆర్క్‌సెకండ్లు, మీ పిక్సెల్ 4.4. దానికి 400 ఎంఎం పైన ఉన్న టెలిస్కోప్ కావాలి.

నక్షత్రాలు గుండ్రంగా రాకపోతే

ముందు తూర్పు పడమరలు ఫ్రేములో ఎటున్నాయో తెలుసుకోండి. ట్రాకర్ ఆపేసి 10 సెకన్ల ఫ్రేము తీస్తే గీతలు పడే దిక్కే అది. పాడైన ఫ్రేముల్లో సాగుడు అదే దిక్కులో ఉంటే ట్రాకర్ వేగం సరిగా లేదు, క్లచ్ వదులైంది, లేదా గేర్ల సహజ లోపం. వేగం సైడీరియల్ (నక్షత్రాల వేగం) మీద ఉందా, చంద్రుడి మీద ఉందా చూడండి. గేర్ల లోపమైతే కొన్ని ఫ్రేములు బాగుంటాయి, కొన్ని ఉండవు. బాగాలేనివి తీసేయడమో, 30 సెకన్లకు తగ్గడమో తప్ప మార్గం లేదు. సాగుడు దానికి అడ్డంగా, ఉత్తర దక్షిణాలుగా ఉంటే ధ్రువం గురి తప్పింది. మూలల్లోనే సాగితే తప్పు లెన్స్‌ది, ఎపర్చర్ ఇంకో స్టాప్ (మెట్టు) తగ్గించండి. అన్ని నక్షత్రాలూ ఉబ్బి గుండ్రంగానే ఉంటే ఫోకస్ గానీ, మంచు గానీ, పైన పలచటి మబ్బు గానీ. గీత కాకుండా వంకరటింకరగా ఉంటే గాలి: కెమెరా పట్టీ విప్పేయండి, అది ఊగి లాగుతుంది, ట్రైపాడ్ కాళ్ళు పొట్టి చేసి కారు చాటుకు జరపండి.